మ్యూజియంలో మిగిలిపోయిన పిల్లవాడు

“సిల్క్ స్మిత ఉన్నది గదా మేడం అందుల?”

‘ఆదిత్య 369’ పేరెత్తగానే మా పెద్దసారు నోట వచ్చిన మొదటి మాట అది. 2025 నవంబరు మొదట్లో, వరండా చివర మధ్యాహ్న భోజనం గిన్నెలు కడుగుతున్న చప్పుడు మధ్య, బాలల దినోత్సవం నాడు పిల్లలకు ఏ సినిమా చూపిద్దామని మేమిద్దరం కూర్చున్నాం. మాది నారాయణఖేడ్‌కు దగ్గర్లోని ఒక తండా బడి. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, రెండు గదులు, పెద్దసారు, నేను. బడిలో టీవీ లేదు. పక్క ఊరి హైస్కూల్లో గోడకు బిగించిన డిజిటల్ ప్యానెల్ ఉంది. నవంబరు 14 పొద్దున వాడుకొమ్మని అక్కడి సార్లు ఒప్పుకున్నారు. ఏటేటా నెహ్రూ ఫొటోకు దండ, తలా రెండు చాక్లెట్లు, మైకు లేకుండా పాటలు. ఈసారి సినిమా కావాలని ఐదో తరగతి పిల్లలు దసరా సెలవులకు ముందే మాట తీసుకున్నారు.

ఆ సినిమా నా తలకెక్కించింది మా తమ్ముడు. ఆ ఏడు ఏప్రిల్లో ‘ఆదిత్య 369’ను 4కెలోకి మార్చి మళ్ళీ థియేటర్లలో వేశారు. వాడు హైదరాబాదులో కొడుకును తీసుకుపోయి, ఇంటర్వెల్‌లోనే ఫోన్ చేశాడు: “అక్కా, మనం గణపతి కాడ జూసిన సిన్మానే! పోరడు కుర్చీల కూసుంట లేడు.” వాడి కొడుక్కి పదకొండేళ్ళు. మా బడిలో ఒకటో తరగతి పిల్లలకు ఐదు, ఆరు. చిక్కంతా ఆ తేడాలోనే ఉంది.

పెద్దసారు మంచివాడు, తొందరపడి కాదనే మనిషి కాడు. కానీ ఒక్కొక్కటే బయటికి తీశాడు. రాజనర్తకి వేషంలో సిల్క్ స్మిత ఉంది. విజయనగరంలో కత్తులు ఉన్నాయి. తర్వాత 2504వ సంవత్సరం, మూడో ప్రపంచ యుద్ధం అయిపోయి, పైన రేడియేషన్ నిండి మనుషులు భూమి కింద బతికే కాలం. “మొన్న మే నెలల యుద్ధం వార్తలు, ఆ సైరన్ల మాక్ డ్రిల్లు టీవీల జూసి మా మనవడు మంచం కిందికి దూరిండు మేడం. మల్ల మనం గది జూపెట్టాల్నా? శక్తిమాన్ దినాలల్ల పోరగాండ్లు మిద్దెల మీదికెళ్ళి దుంకుతరని ఎంత పరేషాన్ అయినమో మీకు యాదికి లేదు.”

నాకు యాదికి ఉంది. కానీ ఆ గంటసేపట్లో ముప్పావు వంతు సిల్క్ స్మిత దగ్గరే గడిచింది. పాట వచ్చే చోట ప్యానెల్ ఆపాలా, ముందుకు తోయాలా, ఆపితే పెద్ద పిల్లలు ఎందుకు ఆపారని అడగరా, అడిగితే ఏం చెప్పాలి? ఆ సినిమాలో నాకు నిజంగా భయం పుట్టించిన చోటు గురించి మాత్రం ఎవరం మాట్లాడలేదు. నేనూ ఎత్తలేదు. ఇంటికి పోయి మళ్ళీ ఒకసారి చూసి చెప్తానని లేచాను.

ఆ సినిమా నేను మొదట చూసింది థియేటర్లో కాదు. 1991 జులైలో విడుదలైందట. మా దాకా రావడానికి ఏడాది పైనే పట్టింది. నారాయణఖేడ్ అప్పుడు మెదక్ జిల్లా. బీదర్ మాకు హైదరాబాదు కంటే చాలా దగ్గర. సరుకులకు, ఆస్పత్రికి అటే పోయేవాళ్ళు ఎక్కువ. గణపతి నవరాత్రుల్లో గల్లీ వాళ్ళంతా చందా వేసుకొని కలర్ టీవీ, వీసీపీ కిరాయికి తెచ్చి, మండపం పక్కన రెండు బల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పైన పెట్టేవాళ్ళు. భజన అయ్యాక తొమ్మిదింటికి ఒక సినిమా, అది అయ్యాక ఇంకొకటి. రెండోది మొదలయ్యేసరికి ముందు వరుస పిల్లలంతా గోనెసంచుల మీద పడి నిద్రపోయేవాళ్ళు. కరెంటు పోతే లేచేవాళ్ళు. కరెంటు ఉన్నంతసేపు ఎంత గోలకూ లేవనివాళ్ళు, పోయి నిశ్శబ్దమైతే ఎట్లా లేస్తారో తెలియదు.

‘ఆదిత్య 369’ మొదటి ఆటగా వేశారు. బాలకృష్ణ సినిమా అని మగపిల్లలు ఈలలు. నాకు మాత్రం సగం దాకా హీరో ఎవరో పట్టలేదు. నా కళ్ళన్నీ కిశోర్ వేషం వేసిన పిల్లవాడి మీదే. ఆ పిల్లవాడు తరుణ్. పెద్దయ్యాక హీరో అయిన తరుణే. బడి పిల్లలతో సాలార్‌జంగ్ మ్యూజియం చూడ్డానికి వచ్చి, అందరూ వెళ్ళిపోయినా లోపలే ఉండిపోతాడు. రాత్రి అవుతుంది. కృష్ణదేవరాయల కాలం నాటి వజ్రం కోసం దొంగలు వస్తారు. వాళ్ళను వీడు చూస్తాడు, వీడిని వాళ్ళు చూస్తారు. ఆ తర్వాత కాలయంత్రం, రాయల కాలం, ఇరవయ్యారో శతాబ్దం, ఇన్ని వింతలు వచ్చినా నా మనసు అక్కడే ఆగిపోయింది. బస్సు వెళ్ళిపోయింది, బడి వెళ్ళిపోయింది, వీడు మిగిలిపోయాడు.

ఐదో తరగతిలో మా బడి వాళ్ళు నిజంగానే మమ్మల్ని హైదరాబాదు తీసుకుపోయారు. చార్మినార్, జూ, సాలార్‌జంగ్ మ్యూజియం. అందరూ సంగీత గడియారం ముందు కింద కూర్చొని, గంట కొట్టే చిన్న మనిషి ఎప్పుడు బయటికొస్తాడా అని చూస్తున్నారు. మేలిముసుగు రెబెక్కా బొమ్మ చూసి మా టీచరమ్మ, రాతిలో బట్టను ఎట్లా చెక్కారో చూడండని రెండుసార్లు చెప్పింది. నేను ఏదీ సరిగా చూడలేదు. ఆమె కొంగు విడవలేదు. మా జట్టులో ఒకడు మాత్రం కాపలా మనిషి దగ్గరికి పోయి “రాయల వజ్రం ఏ రూముల ఉన్నది?” అని అడిగాడు. ఆయన నవ్వి, “బాలకృష్ణ తీస్కపోయిండు” అన్నాడు.

సినిమా తీసిన మనిషి గురించి పెద్దయ్యాకే తెలిసింది. సింగీతం శ్రీనివాసరావు. మాటలు లేకుండా ‘పుష్పక విమానం’ తీసిన ఆయనే. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం నవలను కాలేజీ రోజుల్లో చదివి, ఆ ఊహను ఏళ్ళ తరబడి మనసులో పెట్టుకున్నాడట. వెల్స్ కథానాయకుడు ముందుకే పోతాడు, ఎనిమిది లక్షల ఏళ్ళు దాటి. సింగీతం ముందు వెనక్కి పోయాడు, తెలుగువాళ్ళకు బాగా తెలిసిన కొలువులోకి. నా మాట అడిగితే సినిమాలో అసలు తెలివి అదే. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడు, బాలకృష్ణే రాయలూ బాలకృష్ణే మనవాడూ. జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం, ముగ్గురు ఛాయాగ్రాహకులు. నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌కు సింగీతాన్ని కలిపింది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఇప్పటి పిల్లలు ఫోన్లలో చూసే గ్రాఫిక్స్ ముందు ఆ యంత్రం అట్టపెట్టెలా కనిపిస్తుందేమో అనుకున్నా. ఆ అనుమానం తీర్చుకోవడానికీ ఇంట్లో ఒకసారి వేసి చూడాల్సి వచ్చింది.

ఇంట్లో ప్రేక్షకులు ఇద్దరు. ఆరేళ్ళ మా బిడ్డ, డెబ్బై దాటిన మా అత్తమ్మ. అత్తమ్మ పుట్టిల్లు ఔరాద్ వైపు, ఇంట్లో కన్నడం, బయట తెలుగు, కోపం వస్తే మరాఠీ. ఆదివారం జొన్నరొట్టెలు కాల్చడం అయిపోయాక ఇద్దరినీ టీవీ ముందు కూర్చోబెట్టాను. రిమోట్ నా చేతిలో, పక్కన పాత హాజరు పుస్తకం వెనక పేజీ. ఎక్కడెక్కడ బిడ్డ ముఖం మారుతుందో రాసుకుందామని.

మ్యూజియం వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. తలుపులు పడ్డాయి. బిడ్డ నా వైపు తిరిగింది, భయంతో కాదు, కోపంతో.

“అమ్మా, వాండ్ల మేడం లెక్క వెట్టుకోలేదా?”

నేను జవాబు చెప్పేలోపు మళ్ళీ: “నువ్వయితే బస్సు ఎక్కేటప్పుడు లెక్క వెడతవు గదా?”

పెడతానని చెప్పాను. అంతే, దాని దృష్టిలో ఆ సంగతి తేలిపోయింది. తర్వాత దొంగలు తరుముతుంటే అత్తమ్మ ఒళ్ళోకి జరిగింది కానీ కళ్ళు మూసుకోలేదు. కాలయంత్రం లైట్లు వెలుగుతూ ఊగిపోతున్నప్పుడు చెవులు మూసుకుంది. రాయల కొలువులో పెద్దపెద్ద మాటలు మాట్లాడుతుంటే లేచిపోయి పిల్లికి రొట్టె ముక్క వేసి వచ్చింది. కానిస్టేబుల్ సుత్తివేలు కనిపించినప్పుడల్లా నవ్వింది, ఆయన ఏమీ అనకముందే. 2504లో భూమి కింద తెల్లటి గోడలు, వింత బట్టలు చూసి, “ఇది ఆస్పత్రా?” అంది. రేడియేషన్ అనే మాట దాన్ని ముట్టుకోనే లేదు.

రాజనర్తకి పాట వచ్చినప్పుడు నేను రిమోట్ కోసం తడుముకుంటుంటే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఉండనీ. పాట మంచిగున్నది. మా ఊర్ల జాతరకు ఇంతకంటె ఎక్కువ ఆడుతుండ్రి, పిల్లలను సంకల ఏసుకొనే జూస్తుంటిమి.” బిడ్డ ఆ పాట మొత్తం చూసి నగల గురించి ఒక్కటే అడిగింది, బరువు ఉండవా అని.

హాజరు పుస్తకం వెనక నేను రాసుకున్నది తక్కువ: మ్యూజియం, తరమడం, యంత్రం ఊగడం. పెద్దసారు చెప్పినవాటిలో ఒక్కటీ లేదు. ఆరేళ్ళ పిల్ల కథ ఇట్లా ఉంటే, ఐదు తరగతులకు ఒక్క పిల్లను చూసి ఎట్లా చెప్పడం? అందుకే చదవడం మొదలుపెట్టాను.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోఆన్ కాంటర్ అనే ఆమె పిల్లలకు సినిమాలు, టీవీ పుట్టించే భయాల మీద ఏళ్ళ తరబడి పని చేసింది. 1983 నవంబరులో అక్కడి టీవీలో ‘ది డే ఆఫ్టర్’ అని అణుయుద్ధం సినిమా వేస్తే దేశమంతా గగ్గోలు, పిల్లలకు చూపొద్దని. కాంటర్ బృందం మర్నాడే తల్లిదండ్రులకు ఫోన్లు చేసి అడిగింది. చిన్నపిల్లలు కలత చెందింది తక్కువ. టీనేజీ వాళ్ళు వాళ్ళకంటే ఎక్కువ. అందరికంటే ఎక్కువ కలత చెందినవాళ్ళు పెద్దలే. ఆమెదే ఇంకో పరిశీలన ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ సీరియల్ మీద. హల్క్ మంచివాడు, కాపాడేవాడు. అయినా బడికి రాని వయసు పిల్లలు వణికింది దుర్మార్గులను చూసి కాదు, ఆ మంచి మనిషి పచ్చటి రాక్షసుడిగా మారేటప్పుడు. చిన్నవాళ్ళను కంటికి కనిపించేది భయపెడుతుంది. నగరాలు బూడిదైపోవడం అనే ఊహ అందాలంటే లోకం గురించి కొంత తెలిసి ఉండాలి. పెద్దసారు మనవడు మంచం కిందికి దూరింది యుద్ధం అర్థమై కాదు, సైరన్ మోతకే అయ్యుంటుంది. ఆయనతో ఈ మాట అంటే కాసేపు ఆలోచించి, “వానికి కుక్కర్ సీటీ అన్నా భయమే” అన్నాడు.

చదువుతూ పోతే ఒక తమాషా సంగతి తగిలింది. మన సినిమాలో దొంగసొత్తు పోగేసే రాజావర్మ వేషం అమ్రీష్ పురి వేశాడు. 1984లో ఆయనే స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్’లో మోలా రామ్. మనిషి గుండెను చేత్తో పెరికి తీసే పూజారి. పిల్లలకు చూపించాలో లేదో తల్లిదండ్రులే చూసుకోవాలన్న సర్టిఫికెట్‌తో ఆ సినిమా వచ్చింది. పిల్లలను తీసుకుపోయిన అమెరికా తల్లిదండ్రులు లబలబలాడారు. అదే వేసవిలో వచ్చిన ‘గ్రెమ్లిన్స్’ మీదా అదే గొడవ. మధ్యలో ఇంకో మెట్టు కావాలని స్పీల్‌బర్గే అన్నాడు. ఆ జులైలోనే పదమూడేళ్ళ లోపు పిల్లల తల్లిదండ్రులను హెచ్చరించే పీజీ-13 అనే కొత్త గుర్తు పుట్టింది. మన అమ్రీష్ పురి చేత్తో గుండె పెరికితే అమెరికాలో సర్టిఫికెట్లు మారాయి. ఆ వేషం కోసం గొరిగించుకున్న గుండు నచ్చి ఆయన చాలాకాలం అట్లాగే ఉంచుకున్నాడు కూడా. ‘ఆదిత్య’లో ఆయన ఎవరి గుండే తీయడు, కళ్ళు మాత్రం తిప్పుతాడు. మా బిడ్డ ఆ కళ్ళకే అత్తమ్మ ఒళ్ళో దూరింది.

మనకు సినిమా సర్టిఫికెట్లకు 1952 చట్టం ఉంది. 1983లో దానికి యూఏ అనే సర్టిఫికెట్ చేరింది. ఆ యూఏను 2023 సవరణలో ఏడేళ్ళు, పదమూడు, పదహారు అని మూడు మెట్లు చేశారు. మంచి పనే. కానీ ఆ మెట్లు వయసును మాత్రమే చూస్తాయి. మా బడిలో ఏడేళ్ళ పిల్లలు ఇద్దరుంటే ఒకడి అమ్మ సాయంత్రం ఇంట్లో ఉంటుంది, ఇంకొకడి అమ్మ ఉగాది దాకా రాదు.

ఈ సంగతి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటివాళ్ళ కోసం రాస్తున్నా. నారాయణఖేడ్, కంగ్టి, మనూరు వైపు తండాల్లో నీళ్ళు లేని చెలకలు ఎక్కువ. పత్తి, కంది అయిపోయాక చేతికి పని ఉండదు. చెరుకు నరకడానికి మొగుడూ పెళ్ళాం జంటగా మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుంటారు. దసరా, దీపావళి దాటగానే లారీలు వస్తాయి. గిన్నెలు, దుప్పట్లు, కొడవళ్ళు, కొన్నిసార్లు మేకపిల్లతో సహా ఎక్కి కర్ణాటకకో, మహారాష్ట్రకో, ఫ్యాక్టరీ ఉన్న చోటికి పోతారు. చెరుకు తోటల్లోనే గుడిసెలు. ఎండాకాలం మొదట్లో తిరిగొస్తారు. పిల్లల్లో కొందరిని వెంట తీసుకుపోతారు, మాకు హాజరు పడిపోతుంది. మిగతావాళ్ళు అవ్వ తాతల దగ్గర. నవంబరు 14 అంటే లారీలు పోయి ఎన్నో దినాలు కాని వేళ.

నిర్ణయం తీసుకునే ముందు తండాకు పోయి పెద్దవాళ్ళను అడుగుదామని నేనన్నాను. పెద్దసారు నవ్వాడు కానీ వెంట వచ్చాడు. ఇంటింటి ముందు ముసలివాళ్ళే. సినిమాలో ఇట్లా ఇట్లా ఉంటుంది, పిల్లలకు చూపించమంటారా అని చెప్తుంటే ఒక అవ్వ, చేతుల నిండా తెల్ల గాజులు, కంది కాయలు ఒలుస్తూ మమ్మల్ని కాసేపు వింది. తర్వాత లోపలి నుంచి ఫోన్ తెచ్చి మా ముందు పెట్టింది. కొడుకు కొనిచ్చి పోయాడు, మనవడు రాత్రి దాకా అదే చూస్తాడు.

“గిండ్ల ఏం జూస్తుండో మీరెప్పుడన్న జూసిన్రా సార్? దీనికి అడగలే గని దానికి అడగనొస్తిరి.”

పెద్దసారు ఫోన్ వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనలేదు. తిరిగి వచ్చే దారిలో మాత్రం, “సిల్క్ స్మిత సంగతి ఇడిశిపెట్టుండ్రి మేడం” అన్నాడు. అప్పుడు ధైర్యం చేసి మ్యూజియం సంగతి చెప్పాను. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు వెనక మిగిలిపోయినవాళ్ళే, ఆ సీన్ వాళ్ళకు ఎట్లా తగులుతుందో తెలియదని. పెద్దలం మనకు సిగ్గు పుట్టే చోట పిల్లలకు ప్రమాదం ఉందనుకుంటున్నామేమో, మనం మామూలుగా దాటిపోయే చోట వాళ్ళు ఆగిపోతారేమో అన్నాను. ఆయన స్కూటర్ ఆపి మరీ విన్నాడు. తీసేద్దామా అని అడిగాడు. అది తీసేస్తే కథే లేదు. చివరికి నేను చెప్పిన ఉపాయం ఒక్కటే: సినిమా మొదలుపెట్టకముందే కథంతా చెప్పేద్దాం. పిల్లవాడు దొరుకుతాడు, దొంగలు దొరుకుతారు, యంత్రం ఎక్కినవాళ్ళు తిరిగి ఇంటికి వస్తారు. పట్టపగలు, తలుపులు బార్లా తెరిచి, సగం ఒకనాడు, సగం ఇంకోనాడు. ఇష్టం లేనివాళ్ళు లేచి గ్రౌండ్‌లో ఆడుకోవచ్చు.

ఆ పొద్దున వరుస కట్టించి, నేను ముందు లెక్క పెట్టి, పెద్దసారు వెనక లెక్క పెట్టి, హైస్కూలుకు నడిపించుకుపోయాం. చిన్నవాళ్ళను ముందు కూర్చోబెట్టి కథ చెప్పాను. అమ్రీష్ పురిని కళ్ళు తిప్పి చూపిస్తే నవ్వారు. ఐదో తరగతి వెనక నుంచి “మేడం, మొత్తం చెప్పకుండ్రి!” అని అరుపులు. పట్టించుకోలేదు.

ఏం జరిగిందో చెప్తా, అనుకున్నది కొంత, అనుకోనిది కొంత. మ్యూజియంలో గది మొత్తం గప్‌చుప్ అయింది. రెండో తరగతి పిల్లవాడొకడు, అమ్మానాన్నలు లారీ ఎక్కి పోయినవాడు, నెమ్మదిగా జరిగి నా కుర్చీ కాలు పట్టుకున్నాడు. చూడటం మాత్రం మానలేదు. తరుణ్ పరిగెత్తుతుంటే వాడూ కాళ్ళు కదిలించాడు. పిల్లవాడు దొరికాక పక్కవాడి వీపు మీద ఒక్కటి చరిచి, “జెప్పలే మేడం?” అన్నాడు, సినిమా వాడే తీసినట్టు.

రాజనర్తకి పాట కోసం పెద్దసారు ప్యానెల్ పక్కనే నిలబడి ఉన్నాడు, ఎంతైనా మనసు ఒప్పుకోక. పాట మొదలవగానే పిల్లలు సగం మంది లేచారు. నీళ్ళకు. వాళ్ళ లెక్కలో అది ఇంటర్వెల్. వెనక కూర్చున్న హైస్కూలు సార్లే కదలకుండా చూశారు.

రాయల కొలువు దగ్గర మేము కలలో కూడా అనుకోని గొడవ లేచింది. నాలుగో తరగతిలో కన్నడం మాట్లాడే ఇంటి పిల్లవాడు ఒకడు, “కృష్ణదేవరాయడు మావోడు, హంపి మాది” అన్నాడు. వాడి మామ హంపి పోయి వచ్చాడు, ఫోటోలు కూడా ఉన్నాయి. ఐదో తరగతి పిల్ల ఒకతి, రాయలు ఆముక్తమాల్యద తెలుగులోనే రాశాడని తెలుగు వాచకం సాక్ష్యంగా లేచింది. లంబాడీ పిల్లలు ఇద్దరినీ చూసి, రాజు ఎవరోడైతే ఏంది, గుర్రం ఎవరిదని అడిగారు. సినిమా ఆపి కాసేపు ఈ పంచాయతీ చేయాల్సి వచ్చింది. 1509 నుంచి 1529 దాకా ఏలిన రాజు ఇరవయ్యేళ్ళలో ఎన్ని భాషలవాళ్ళను కొలువులో కూర్చోబెట్టాడో చెప్తే ఎవరికీ తృప్తి కలగలేదు.

సరిగ్గా యంత్రం 1526 నుంచి ఇంటికి పోకుండా 2504కు పోయే చోట మొదటి రోజు ఆపాం. అక్కడ ఆపకుండా ఉండాల్సింది కాదని ఇప్పుడూ అనను, భోజనం గంట కొట్టింది, ఆపక తప్పదు. కానీ కుర్చీ కాలు పట్టుకున్న పిల్లవాడు అన్నం పళ్ళెం పట్టుకొని నా దగ్గరికొచ్చాడు.

“మేడం, ఆ మిషిన్ మల్ల ఎన్కకొస్తదా?”

“వస్తది. పొద్దున చెప్పిన గదా.”

“అందరొస్తరా?”

“అందరొస్తరు.”

“గని తొవ్వ తప్పింది గదా?”

తప్పింది, అయినా వస్తారన్నాను. వాడు గుడ్డు తినకుండా ఆలోచించి, “ఆల్లకు ఫోన్ లేదా?” అన్నాడు. 1526లో ఫోన్ ఉండదని పక్కనున్న మూడో తరగతి పిల్ల చెప్పింది. 2504లో ఉంటుంది గదా అని వాడన్నాడు. ఇద్దరూ వాదించుకుంటూ పోయారు. వాడి అమ్మ ఆదివారాలు ఫోన్ చేస్తుందని వాళ్ళ తాత తర్వాత చెప్పాడు. తోటలో సిగ్నల్ ఉంటే.

రెండో సగం తర్వాతి శనివారం వేశాం. రేడియేషన్, భూమి కింద బతుకు, మూడో ప్రపంచ యుద్ధం, ఇవన్నీ చిన్నవాళ్ళ మీద నుంచి గాలిలా పోయాయి. ఐదో తరగతి వాళ్ళు మాత్రం నిజంగా కదిలారు. పైన ఆకాశం లేకపోతే పత్తి ఎక్కడ పండుతుంది, మేకలు ఏం తింటాయి, ఆ యుద్ధం ఎవరు మొదలుపెట్టారు? ఒక పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. కాంటర్ చెప్పిన వయసు తేడా నా కళ్ళ ముందు రెండు వరుసల్లో కూర్చొని ఉంది. కబురు చెప్పి ధైర్యం ఇవ్వాల్సింది ముందు వరుసకే అనుకున్నాను ఇన్నాళ్ళూ. 2504 దగ్గర వెనక వరుసకు కూడా కాస్త కూర్చొని మాట్లాడాల్సి వచ్చింది. హిరోషిమా సంగతి పెద్దసారే చెప్పాడు, గట్టిగా కాక, మామూలు గొంతుతో.

యంత్రం తిరిగి 1991కి వచ్చినప్పుడు రెండో తరగతి వరుస మొత్తం చప్పట్లు. వాళ్ళకు ముందే తెలుసు. తెలిసే కొట్టారు.

ఐదో తరగతి వాళ్ళు కొట్టలేదు. కథ ముందే చెప్పి మొత్తం చెడగొట్టానని నా మీద కోపం. వాళ్ళ నాయకురాలు పెద్దసారు దగ్గరికి పోయి ఫిర్యాదు చేసింది: చిన్నోళ్ళు భయపడతారని మాకు మజా లేకుండా చేశారు, ఈసారి మాకు చెప్పకుండా చూపించాలి. న్యాయమైన మాటే. ఆయన నన్ను పిలిచి అడిగితే నాకూ కాదనడానికి ఏమీ దొరకలేదు. ఇప్పుడు ఆయన తీర్పు ఏమిటంటే, జనవరిలో వేసే సినిమాకు చిన్నవాళ్ళకు ముందు గదిలో కథ చెప్పి పొద్దున వేయాలి, పెద్దవాళ్ళకు ఏమీ చెప్పకుండా మధ్యాహ్నం వేయాలి. పొద్దున చూసిన రెండో తరగతి వాళ్ళు అన్నం తినేలోపు ఐదో తరగతికి చెప్పకుండా వాళ్ళ నోళ్ళు ఎట్లా కట్టాలన్నది మాత్రం ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.